బస్తా ఇవ్వలేదు

రెండు వారాల కిందట, ఆదివారం పొద్దున్నే మా ఎదురింటి పిన్ని గేటు దగ్గర నిలబడి బస్తా అడిగింది.

"పాపా, పాత బియ్యం బస్తా ఏదైనా ఉంటే ఒకటియ్యమ్మా. మూతి కట్టడానికి తాడు నా దగ్గరే ఉన్నాది."

ఎందుకు పిన్నీ అన్నాను. మనవడి మెడ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి చక్రం లేచిందట. మందుల షాపులో అబ్బాయి చూసి తామర అన్నాడట. ఇంట్లో పిల్లి ఉందా అని అడిగాడట. ఉందని చెప్పగానే, ఇంకేముంది, దాన్నుంచే అన్నాడట. "మా పెద్దోడు బండి మీద ఏటవతల ఒగ్గీసొస్తానన్నాడు. దగ్గర్లో ఒగ్గితే మళ్లీ వచ్చీస్తాది కదా!"

మా ఇంట్లో బస్తాలు నాలుగున్నాయి. లేవని అబద్ధం చెప్పలేదు, ఇవ్వనని చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది. ఇరవై ఏళ్లుగా కరివేపాకు దగ్గర్నుంచి గ్యాస్ బండ దాకా ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లు మావి. ఒక పాత బస్తా దగ్గర నేను కాదంటానని ఆవిడ అనుకోలేదు.

శ్రీకాకుళంలో పిల్లిని ఏరు దాటించడమంటే ఏమిటో ఇక్కడి వాళ్లకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. నీళ్లు దాటితే పిల్లి దారి మరిచిపోతుందని ఒక నమ్మకం. సంచిలో వేసి నాగావళి వంతెన దాటించి, చేపలమ్మే చోటో చెత్తకుప్ప పక్కనో మూతి విప్పేసి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. తిండికి, నీళ్లకు అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. కానీ ఆ చట్టం చూసి ఆగిన వాళ్లను మా వీధిలో నేనెప్పుడూ చూడలేదు. నన్ను ఆపింది కూడా చట్టం కాదు.

"పిల్లిని ఒకసారి చూపించు పిన్నీ" అన్నాను. తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. "ఇదిగో చూడు, రెండు చెవుల ముందరా జుట్టే లేదు. ఎలగూడిపోనాదో!" అని వేలు పెట్టి చూపించింది. కంటికీ చెవికీ మధ్య వెంట్రుకలు పలచగా ఉండి, లోపలి చర్మం కనిపిస్తోంది. అయితే రెండు వైపులా ఒకేలా ఉంది. చర్మం నున్నగా ఉంది, పొట్టు లేదు, ఎరుపు లేదు. చాలా పిల్లులకు అక్కడ పుట్టుకతోనే వెంట్రుకలు పలచన. అది జబ్బు కాదు. ఆ మాట చెప్పి ఊరుకుంటే పిన్ని సంతోషంగా వెళ్లిపోయేది. కానీ నేను కాళ్లు కూడా చూశాను. వెనక ఎడమ కాలి వేళ్ల సందున, కందిగింజంత మేర, వెంట్రుకలు తుంపేసినట్టు పొట్టిగా ఉన్నాయి. వేలితో రాస్తే బూడిదలాంటి పొట్టు రాలింది.

ఆవిడ భయపడిన చోట ఏమీ లేదు. ఆవిడ చూడని చోట ఏదో ఉంది.

పెంపుడు జంతువుకు తామర ఉందేమోనన్న అనుమానాన్ని కొట్టిపారేయకూడదు. అలాగని అనుమానం రాగానే తీర్పు చెప్పెయ్యకూడదు. తేలేదాకా దాన్ని అనుమానంగానే పెట్టుకుని, దానికి తగ్గ జాగ్రత్తతో ఇంట్లో బతకాలి. నా అభిప్రాయం ఇంతే. వినడానికి చాలా చిన్న మాట. ఆచరణలో ఎంత కష్టమో నాకు తెలుసు. రెండుసార్లు నా వల్ల కాలేదు. ఒకసారి అటు తప్పాను, ఒకసారి ఇటు తప్పాను.

బెల్లం

2013లో మా ఇంట్లో ఒక పిల్లి ఉండేది. రంగు చూసి మా అమ్మాయి బెల్లం అని పేరు పెట్టింది. అప్పుడు అమ్మాయికి ఆరేళ్లు. ఆ వానాకాలం మా ఆయనకు నడుము దగ్గర, సరిగ్గా బెల్టు పెట్టుకునే చోట తామర మొదలై తొడల మధ్యకు పాకింది. ఇంట్లో పెద్దవాళ్లంతా పిల్లినే అన్నారు. నేనూ అవుననుకున్నాను. దాని ఒంటి మీద ఏముందో ఒక్కరం చూడలేదు. మా మరిది చేపల సంచిలో పెట్టి బండి మీద తీసుకెళ్లాడు. అమ్మాయి బడికెళ్లిన టైము చూసుకుని చేశాం. సాయంత్రం అమ్మాయి వచ్చి, గిన్నెలో పాలు పోసుకుని పెరడంతా పిలుస్తూ తిరిగింది. నాలుగు రోజులు పిలిచింది. అయిదో రోజు గిన్నె కడిగి బోర్లించేసింది. ఏమీ అడగలేదు.

తామర మాత్రం పోలేదు. మెడికల్ షాపులో కొన్న ట్యూబు రాస్తే దురద వెంటనే తగ్గేది, ఎరుపు తగ్గేది. మానేసిన వారానికి రెట్టింపై వచ్చేది. డిసెంబరుకు నాకూ అంటుకుంది. చివరికి చర్మవ్యాధుల డాక్టరు గారి దగ్గరికి వెళితే ఆవిడ పిల్లి ఊసే ఎత్తలేదు. మొదట అడిగింది, "తువ్వాళ్లు ఎవరివి వాళ్లకు వేరేగా ఉన్నాయా?" అని. లేవు. దండెం మీద రెండు తువ్వాళ్లు, ఇంట్లో అయిదుగురం. రెండో ప్రశ్న ట్యూబు గురించి. చూపించాను. అందులో ఫంగస్ మందుతో పాటు యాంటీబయాటిక్, గట్టి స్టెరాయిడ్ కలిపి ఉన్నాయి. స్టెరాయిడ్ ఎరుపును, దురదను అణిచేస్తుంది. పైకి తగ్గినట్టే ఉంటుంది, ఫంగస్ మాత్రం అడ్డు లేకుండా పాకుతుంది. చక్రం అంచు కూడా చెరిగిపోయి, తర్వాత చూసిన డాక్టరుకు అది తామరేనా అన్న అనుమానం వచ్చేలా తయారవుతుంది. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు పధ్నాలుగింటిని చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. కౌంటరు దగ్గర అడిగి చూడండి, ఇప్పటికీ చీటీ అడిగే వాళ్లెందరో మీకే తెలుస్తుంది.

మన దేశంలో పదేళ్లకు పైగా ఇంటింటా తిరుగుతున్న మొండి తామరకు చాలావరకు కారణం ట్రైకోఫైటాన్ జాతి ఫంగస్. అందులో ఒకదానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. దాని పేరులోనే మన దేశం ఉంది. అది మనిషి నుంచి మనిషికి, తువ్వాలు నుంచి తువ్వాలుకు పాకే రకం. తామరకు బాగా వాడే టెర్బినాఫిన్ అనే మందుకు అది చాలాసార్లు లొంగదు. పిల్లుల నుంచి వచ్చే తామరకు ఎక్కువగా కారణమయ్యేది వేరే ఫంగస్, మైక్రోస్పోరమ్ కానిస్. అది మామూలుగా పిల్లి ఒళ్లు మనకు తగిలే చోట మొదలవుతుంది. ముంజేయి, మెడ, మొహం, చిన్నపిల్లలకైతే తల. ఇది ఒక ఆనవాలు మాత్రమే, రుజువు కాదు. ఆ ఆనవాలైనా అప్పుడు మాకు తెలియదు. బెల్టు కింద మొదలైన తామరకు బెల్లాన్ని ఏరు దాటించాం.

గుండ్రం మీద అంత నమ్మకం ఎందుకు

తామర అనగానే అందరం చక్రం కోసం వెతుకుతాం. మనిషి చర్మం మీద అది చాలావరకు పనికొస్తుంది. బొచ్చున్న జంతువు మీద ఆ లెక్క కుదరదు. పిల్లికి ఒక్కోసారి చక్రమే ఉండదు. చెవి అంచున చిన్న పొట్టు, మీసాల మొదట్లో ఒక తునక రాలడం, గడ్డం కింద నల్లటి చుక్కలు, వీపు మీద వేలికి తగిలే ఆవగింజలంత పక్కులు, వంకరగా పెళుసుగా పెరిగే ఒక గోరు. వీటిలో ఏదైనా కావచ్చు. దురద కూడా ఉండొచ్చు, లేకపోవచ్చు. చాలా పిల్లులు అసలు గోక్కోవు. గోక్కోవడం లేదు కాబట్టి తామర కాదు అనే మాట నేను చాలామంది నోట విన్నాను. అది తప్పు.

నేను నేర్చుకున్న పద్ధతి చెబుతాను. మధ్యాహ్నం ఎండ వాకిట్లో పడే వేళ పిల్లిని ఒళ్లో పెట్టుకుంటాను. కళ్ల కంటే ముందు వేళ్లతో చూస్తాను, ఎందుకంటే పొట్టు కంటికి కనపడేలోపే వేలికి గరుగ్గా తగులుతుంది. ముక్కు, పెదవులు, కళ్ల చుట్టూ, చెవుల లోపలి అంచు, బయటి అంచు, గడ్డం, ముందు కాళ్లు, వేళ్ల సందులు, తోక చివర. పిల్లి కూనలకైతే మొహం, చెవులు, కాళ్లు ముందు చూడాలి. వెంట్రుకలను నోటితో ఊది విడదీస్తే లోపల చర్మం కనిపిస్తుంది. తామర పట్టిన చోట వెంట్రుక ఎక్కువగా వేరుతో ఊడిపోదు, మధ్యలో విరుగుతుంది. అందుకే ఆ చోటు పూర్తి బట్టతలలా కాకుండా, రెండు రోజుల గడ్డంలా గుచ్చుకుంటూ ఉంటుంది. దాని మధ్య బూడిదరంగు పొట్టు, ఒక్కోసారి పలచటి పక్కు. ఇలాంటిది దొరికితే నాకు అనుమానం మొదలవుతుంది. అనుమానమే.

కుక్కల విషయంలో గుండ్రం ఇంకా మోసం చేస్తుంది. మా వీధి చివరింటి వాళ్ల ల్యాబ్రడార్‌కు పొట్ట మీద అచ్చు తామరలాంటి చక్రాలు లేచాయి. ఎర్రటి అంచు, అంచు చుట్టూ పొర లేస్తూ. ఆ ఇంటాయన ఆరు వారాలు ఫంగస్ క్రీము రాశాడు. చివరికి పశువుల డాక్టరు గారు గాజు పలకను ఆ అంచుకు అద్ది మైక్రోస్కోపులో చూస్తే బాక్టీరియా. కుక్కల్లో ఇలాంటి చక్రాలకు తామర కంటే బాక్టీరియానే ఎక్కువసార్లు కారణమట. కుక్కపిల్లకు కళ్ల చుట్టూ, ముందుకాళ్ల మీద దురద లేకుండా మచ్చలుగా ఊడితే డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగు కావచ్చు. చెవి అంచులు, మోచేతులు తెగ గోకుతూ నిద్రపోకపోతే గజ్జి కావచ్చు. తోక మొదట్లో, నడుము మీద ఊడుతుంటే ముందు ఫ్లీలనే గెంతే పురుగుల సంగతి చూడాలి. దువ్వెనలో పడిన నల్లటి నలుసులను తడిపిన తెల్లగుడ్డ మీద వేస్తే చుట్టూ తుప్పురంగు దిగుతుంది. అది ఆ పురుగు తాగి విసర్జించిన రక్తం. ఇంట్లో ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇది ఒక్కటే. మిగతా వాటికి మైక్రోస్కోపు కావాలి.

ఇన్ని పోలికలున్నప్పుడు, ఫోనులో ఫోటో తీసి గ్రూపులో పెడితే చెప్పేస్తామనే వాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. వాళ్లు చెప్పేది తప్పు కావచ్చని కాదు, ఒక్కోసారి ఒప్పే అవుతుంది. ఆ మాట విన్న మనిషి ఆ పూటే ఏదో ఒకటి చేసేస్తాడు, అదీ నా బాధ. పిల్లికి ఫినాయిల్ కలిపిన నీళ్లతో స్నానం చేయించిన వాళ్లను, కుక్కకు బండి నుంచి తీసిన కాలిన ఆయిలు పూసిన వాళ్లను చూశాను. పిల్లి ఒంటికి ఏది పూసినా అది నాక్కుంటుంది. ఫినాయిల్ జాతి మందులు పిల్లి కాలేయం విరవలేదు, అవి దానికి విషమే.

నేను రెండోసారి చేసిన తప్పు

బెల్లం తర్వాత చాలా ఏళ్లు మేం ఏ జంతువునూ పెంచలేదు. 2022లో విశాఖలో ఉన్న చుట్టాలు ఊరు మారుతూ ఒక పర్షియన్ పిల్లిని మాకిచ్చారు. బూడిదరంగు, ఒళ్లంతా బొచ్చు. మబ్బు అని పిలిచేవాళ్లం. వచ్చిన నెలకు మా అమ్మాయి ముంజేతి మీద మూడు చక్రాలు, దవడ కింద ఒకటి. అమ్మాయికి అప్పటికి పదిహేనేళ్లు. రాత్రి చదువుకుంటూ మబ్బును భుజం మీద వేసుకుని, దవడ ఆనించి కూర్చునేది.

ఇంట్లో మళ్లీ పిల్లి మాట వచ్చింది. నేను ఒంటికాలి మీద లేచాను. పోయినసారి ఇలాగే అన్నారు, అప్పుడేమైంది, తువ్వాళ్లు చూసుకోండి అని అందరి నోళ్లూ మూయించాను. మబ్బు ఒళ్లు మంచులా శుభ్రంగా ఉంది. ఒక్క మచ్చ లేదు, పొట్టు లేదు. పొట్ట కాస్త ఎక్కువ నాకుతోందని ఊళ్లోనే ఒక చోట చూపించాను. బుట్ట మూత పూర్తిగా తీయకుండానే అలర్జీ అని ఒక ఇంజక్షను చేశారు. అది స్టెరాయిడ్ అని ఇంటికొచ్చి చీటీ చదివాక తెలిసింది. నాకడం ఆగింది. నేను చెప్పిందే నిజమైందనుకున్నాను. నెల గడిచింది. అమ్మాయి చక్రాలు ఏడయ్యాయి. మందు రాస్తున్న చోట తగ్గుతోంది, పక్కన కొత్తది లేస్తోంది.

అప్పుడు విశాఖ తీసుకెళ్లాను. వంద కిలోమీటర్లు దాటిన దారి, బుట్టలో అది అరుస్తూనే ఉంది. అక్కడి డాక్టరు గారు తలుపు మూసి, లైట్లు తీసేసి, చేతిలో పట్టే ఒక దీపం వెలిగించారు. ఉడ్స్ ల్యాంప్ అంటారు, అతినీలలోహిత కాంతి. మన కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగమన్నారు. నాలుగైదు నిమిషాలు ఆ గదిలో మాట లేదు. తర్వాత చెవి వెనక బొచ్చు విడదీసి దీపం దగ్గరగా పెట్టారు. అయిదారు వెంట్రుకలు, ఒక్కొక్కటీ విడివిడిగా, లేత పచ్చగా వెలిగాయి. చర్మం కాదు, వెంట్రుకే. మిణుగురు పురుగు తోకలో ఉండే పచ్చ. పక్కనే నూలుపోగులు, పొట్టు తెల్లగా, నీలంగా మెరుస్తున్నాయి. "అవి లెక్కలోకి రావమ్మా, ఈ పచ్చ చూడండి" అన్నారాయన. నోట్లు చూసే నీలి టార్చి కొనుక్కుని ఇంట్లో చూసుకుంటే చాలదా అనుకునే వాళ్లకు ఇది చెప్పాలి. దాని కింద దుమ్ము వెలుగుతుంది, రాసిన మందు వెలుగుతుంది. మన భయానికి కావలసినవన్నీ వెలుగుతాయి.

పోనీ వెలగకపోతే లేనట్టా? కాదు. జంతువులకు తామర తెచ్చే ముఖ్యమైన ఫంగస్‌లలో ఇలా వెలిగేది మైక్రోస్పోరమ్ కానిస్ ఒక్కటే, అదీ ప్రతిసారీ కాదు. అందుకే ఆయన వెలిగిన వెంట్రుకలు పట్టకారుతో పీకి మైక్రోస్కోపులో చూశారు. తర్వాత కొత్త టూత్‌బ్రష్షు విప్పి మబ్బు ఒళ్లంతా రెండు మూడు నిమిషాలు దువ్వి, ఆ బ్రష్షును పసుపురంగు జిగురున్న ప్లేటు మీద అద్దారు. ఫంగస్ పెరుగుతూ ఉండగా ఆ పసుపు ఎర్రబడితే అనుమానం బలపడుతుంది. మామూలు బూజులు కూడా ఆలస్యంగా రంగు మారుస్తాయి కాబట్టి రోజూ చూడాలి, పెరిగినదాన్ని మళ్లీ మైక్రోస్కోపులో చూడాలి. మూడు వారాల దాకా పట్టొచ్చు. ఇంత చేశాక కూడా ఇంకో చిక్కుంది. జబ్బు లేకుండానే, దుమ్ము మోసినట్టు బొచ్చులో ఫంగస్ బీజాలను మోసే పిల్లులుంటాయి. బ్రష్షు ఫలితం ఒక్కటే చూసి చెప్పేయకుండా దీపం, వెంట్రుక, ఇంట్లో మనుషుల పరిస్థితి అన్నీ కలిపి చూస్తారు.

మబ్బుకు తామరే. నెల రోజులు నా మొండితనం వల్ల మా అమ్మాయి ఒళ్లు పాడైంది. పిల్లి మీద ప్రేమతోనే చేశాను. కానీ నేను కాపాడింది మబ్బును కాదు, బెల్లాన్ని. ఆ తేడా అప్పుడు నాకు తెలియలేదు.

వైద్యం తొమ్మిది వారాలు పట్టింది. ఇట్రాకొనజోల్ ద్రావణం, వారానికి రెండుసార్లు మందు స్నానం. మనుషుల మాత్ర విరిచి వేస్తే సరిపోతుంది కదా అని నేనే అడిగాను. మోతాదు జంతువు బరువు మీద ఉంటుందని, పిల్లులకు సరిపడని ఫంగస్ మాత్రలున్నాయని, పాతకాలపు గ్రిసియోఫుల్విన్ కడుపుతో ఉన్న పిల్లికి ఇస్తే కూనలు అవకరంతో పుడతాయని ఆయన చెప్పారు. నాకడం ఆగాక, వెలుగు కనిపించడం మానేశాక కూడా మందు ఆపనివ్వలేదు. వరసగా రెండుసార్లు ప్లేటు శుభ్రంగా వచ్చాకే ఆపాం.

ఆ బీజాలు ఏడాదిన్నర దాకా బతుకుతాయని ఎక్కడో చదివి పరుపులు తగలబెట్టేద్దామన్నంత టెన్షన్ పడ్డాను. డాక్టరు గారు నవ్వారు. ఆ ఫంగస్ ఇంట్లో గోడల మీద, నేల మీద పెరగదు, రాలిన వెంట్రుకల్లో ఉంటుంది, వెంట్రుకలు తీసేస్తే పని చాలావరకు అయిపోయినట్టే అన్నారు. రోజూ తడిగుడ్డతో తుడిచాను. దుప్పట్లు సబ్బునీళ్లలో బాగా ఉతికి ఎండలో వేశాను. తుడిచిన నేల మీద పలచటి బ్లీచింగ్ నీళ్లు వారానికి రెండుసార్లు. పిల్లిని ఒక గదిలో ఉంచాను, కానీ ఒంటరిగా వదల్లేదు. పాత నైటీ ఒకటి ఆ గదికే పెట్టుకుని, రోజూ గంట కూర్చుని, వచ్చాక చేతులు కడుక్కునేదాన్ని.

ఉద్దానం నుంచి వచ్చిన ఫోను

నా మాటకు ఎదురు వచ్చే వాదనల్లో నేను తీసిపారేయలేనివి రెండున్నాయి.

మొదటిది డబ్బు. పిన్ని కొడుకు ఆటో నడుపుతాడు. ఒక పిల్లి కోసం విశాఖ రానూపోనూ అంటే ఒక రోజు సంపాదన, దాని మీద ఖర్చు. ఇది నిజమైన ఇబ్బంది. మనసు ఉంటే మార్గం ఉంటుందని నేను ఆవిడకు చెప్పలేను. నేను చెప్పగలిగింది, తొలి మెట్టుకు అంత దూరం అక్కర్లేదని. చర్మం గీకి పురుగుల కోసం చూడటం, నాలుగు వెంట్రుకలు పీకి చూడటం మైక్రోస్కోపు ఉన్న ఏ పశువుల ఆసుపత్రిలోనైనా చేయగలరు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కితే పొందూరు, చీపురుపల్లి దాటాక వస్తుంది. వెళ్లే ముందు ఏ పరీక్షలు చేస్తారో ఫోను చేసి కనుక్కుంటే దారి ఖర్చు వృథా కాదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, "ఇంజక్షను చేసే ముందు వెంట్రుకలు ఒకసారి చూస్తారా?" అని అడగండి. నేను అడగలేదు.

రెండోది ఇంకా బరువైనది. మా పెదనాన్న గారిది కవిటి దగ్గర పల్లె. ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బుందో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆయనకు కిడ్నీ మార్పిడి జరిగింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు రోజూ వేసుకుంటారు. మబ్బు వైద్యం జరుగుతుండగా ఆయన ఫోను చేశారు. "అమ్మా, దసరాకి మీ ఇంటికి వస్తాను, నాలుగు రోజులుంటాను."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మామూలు మనిషికి చర్మం మీద ఆగిపోయే తామర, అలాంటి మాత్రలు వేసుకునే వాళ్లకు మొండిగా, ఎక్కువగా పాకొచ్చు. చంటిపిల్లలున్న ఇళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్న వాళ్లున్న ఇళ్లు కూడా అంతే. అలాంటి ఇంట్లో పిల్లిని చూసి భయపడే మనిషిని మూర్ఖులంటే నేను ఒప్పుకోను. వాళ్ల భయం సరైనదే. "ఇప్పుడు వద్దు పెదనాన్నా, రిపోర్టు వచ్చాక నేనే కారు పంపిస్తాను" అన్నాను. విషయం చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "పిల్లిని బయట పడీలేదు కదా?" అని అడిగారు. లేదన్నాను. "మరైతే సంక్రాంతికి వస్తాన్లే" అన్నారు. వచ్చారు కూడా.

జబ్బు మనిషి ఇంట్లో ఉంటే పిల్లి వేరే ఇంటికి వెళ్లాల్సి రావచ్చు. అది కూడా ఒప్పుకుంటాను. చుట్టాలింటికి, చెప్పి, మందుతో సహా పంపడం వేరు. సంచి మూతి కట్టడం వేరు. పైగా వదిలేసిన పిల్లితో తామర ఊరు దాటిపోదు, ఇంకో వీధి పిల్లల చేతుల్లోకి వెళుతుంది. మన ఇంట్లో రాలిన వెంట్రుకలు మన ఇంట్లోనే ఉంటాయి.

దీని గురించి ఆలోచించినప్పుడల్లా నరసన్నపేట దగ్గర మా అమ్మమ్మ ఊరు గుర్తొస్తుంది. దూడలకు కళ్ల చుట్టూ, మెడ మీద సున్నం పూసినట్టు తెల్లటి మందపు పక్కులు కట్టేవి. అదీ తామరే, ట్రైకోఫైటాన్ వెరుకోసమ్ అనే ఫంగస్, మనుషులకు అంటుకునేదే. పాలు తీసే మా మావయ్య ముంజేతికి ఒకసారి అంటుకుంది కూడా. అమ్మమ్మ దూడను శాలలోంచి తీసి ఎండ పడేచోట విడిగా కట్టేసి, కానుగ నూనె రాసేది. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. రెండు మూడు నెలలకు పక్కులు రాలి కొత్త వెంట్రుకలు వచ్చేవి. నూనె పనిచేసిందో, దానంతటదే తగ్గిందో చెప్పలేను. దూడల్లో అది కొన్ని నెలలకు తానే తగ్గుతుంది. ఆ ఊళ్లో ఒక్కరైనా దూడకోసం బస్తా వెతకలేదు. దూడ రేపు పాలిస్తుంది, పిల్లి ఏమిస్తుంది అంటారా? మా అమ్మాయి నాలుగు రోజులు ఎవరిని పిలిచిందో నేను చూశాను.

పిన్ని వాళ్ల పిల్లి

ఆ ఆదివారం పిన్ని బస్తా లేకుండానే వెళ్లింది. మధ్యాహ్నం నేనే వాళ్లింటికి వెళ్లి ఇదంతా, ఇంత వరసగా కాకపోయినా, చెప్పాను. బెల్లం సంగతి కూడా చెప్పాను. ఆవిడకు ఆ పిల్లి గుర్తుంది. "అది పారిపోనాదని కదా చెప్పినావు అప్పుడు" అంది. అవును, వీధిలో అందరికీ అలాగే చెప్పాం.

మర్నాడు మనవణ్ణి చర్మం డాక్టరుకు చూపించారు. తామరే, ఎక్కడి నుంచి వచ్చిందో చూసి చెప్పలేను, మందు మాత్రం మొదలుపెట్టండి అన్నారట. ఆ మందుల షాపు ట్యూబు పక్కన పెట్టించారు. బుధవారం నేనూ, పిన్ని కొడుకూ పిల్లిని బుట్టలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. వేలి సందు గీకి చూశారు, పురుగులు లేవు. వెంట్రుకలు చూసి అనుమానంగా ఉందన్నారు. బ్రష్షు నేనే కొనిచ్చాను. దువ్వి, విశాఖ ల్యాబుకు పంపారు. వాళ్ల వెనక గదికి దోమతెర తలుపుంది. పిల్లిని అందులో పెట్టారు.

ఇవాళ పన్నెండో రోజు. నిన్న ఫోను చేస్తే ప్లేటు ఇంకా పసుపుగానే ఉందన్నారు, ఇంకో వారం చూడాలన్నారు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి మనవడు దోమతెరకు ఇవతల చాప వేసుకుని తెలుగు వాచకం పైకి చదువుతున్నాడు. పిల్లి అవతల, తెరకు ఒళ్లు ఆనించి పడుకుని ఉంది. చదువుతూ చదువుతూ వాడు వేలు తెర మీదికి పోనిచ్చాడు. "ఒరే, ముట్టుకోవద్దన్నానా!" అని వంటింట్లోంచి పిన్ని కేకేసింది. వాడు వేలు తీసేసి, ఆపిన చోటు నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు.